శుక్రవారం తీయని గోళ్ళు

సింహాచలం సింగపూర్‌లో కంప్యూటర్ ఆఫీసులో ఉన్నాడని చీపురుపల్లి దగ్గర వాళ్ళ ఊరంతా నమ్మింది. నమ్మకేం చేస్తుంది? విమానం ఎక్కినవాడల్లా కంప్యూటర్ ముందే దిగుతాడనుకునే రోజులవి. అతను నిజంగానే ఆ ఉద్యోగానికే వచ్చాడు. ఏడాది తిరక్కుండానే ఆ కంపెనీకి తాళం పడింది. ఎవరెవరినో బతిమాలుకుని, ఉత్తరాన క్రాంజీ వైపు ఒక జంతువుల తోటలో పనికి కుదిరాడు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం ఇంకా సిస్టమ్స్‌లోనే ఉన్నానని చెప్పేవాడు.

ఆ తోటలో అల్పాకాలు ఉండేవి. ఒంటె మొహం, గొర్రె బొచ్చు, వాటికి తగని పొగరు. సొంత కొండల్లో రాళ్ళ మీద తిరిగితే వాటి గోళ్ళు వాటంతటవే అరుగుతాయి. ఇక్కడ ఎప్పుడు చూసినా వాన, మెత్తటి నేల. గోళ్ళు పెరిగి వంకర తిరిగి నడక చెడుతుంది. కింది పళ్ళు కూడా ఒక్కోసారి బయటికి పొడుచుకొస్తాయి, అప్పుడు మేత తెగదు, అరగదీయాలి. తోట యజమాని టాన్ అనే ముసలాయన దగ్గరుండి రెండు పనులూ నేర్పాడు. పళ్ళ పని సింహాచలానికి బాగానే ఉండేది. గోళ్ళ దగ్గరే ప్రాణం చచ్చిపోయేది.

వాళ్ళ నాన్న ఊళ్ళో క్షౌరం చేసేవాడు. పెద్దిళ్ళ అరుగుల కింద నేల మీద కూర్చుని, వాళ్ళ కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని గోళ్ళు తీసేవాడు. చిన్నప్పుడు అది చూసిన సింహాచలానికి ఒకటే పంతం, పెద్దయ్యాక ఎవరి కాలూ పట్టనని. తీరా సముద్రం దాటి వచ్చి పశువు కాలు పట్టాడు. నన్నడిగితే సిగ్గుపడాల్సింది అలా కాళ్ళు చాపినవాళ్ళు. కానీ సిగ్గు ఎప్పుడూ కింద కూర్చున్నవాడికే అంటుకుంటుంది, అదేం న్యాయమో.

ఆ వారం గోళ్ళ పని శుక్రవారం పెట్టుకుందామన్నాడు టాన్. తోటకి జనం వచ్చేది శని, ఆదివారాల్లోనే. అయినా శుక్రవారం గోళ్ళు తీస్తే లక్ష్మి పోతుందని సింహాచలం అడ్డం తిరిగాడు. తండ్రి వృత్తి వద్దనుకున్నవాడు తండ్రి పట్టింపు మాత్రం పట్టుకొచ్చాడు. టాన్‌కి కూడా అలాంటి పట్టింపులు బోలెడు, సరేనన్నాడు. శనివారం ఒకటే వాన. పని ఆదివారానికి వచ్చి పడింది.

ఆదివారం బ్రౌనీ అనే ఆడ అల్పాకాని కొయ్యకి కట్టారు. టాన్ మెడ పట్టుకున్నాడు. సింహాచలం కాలెత్తి, గోటి చివర తెల్లగా ఉన్నంతవరకే కత్తిరిస్తున్నాడు. ఇంతలో కంచె అవతల తెలుగు వినిపించింది. ఆ గొంతు సింహాచలం ఇట్టే గుర్తుపట్టాడు. జనార్దనరావు. ఒకే ఊరు, పదో తరగతి దాకా ఒకే బడి, ఆ పెద్దిళ్ళలో మొదటిది వాళ్ళదే. ఇప్పుడు చాంగీ బిజినెస్ పార్క్‌లో మేనేజరు. ఇక్కడి గుళ్ళో కనబడినప్పుడు అతనికీ సిస్టమ్స్ అనే చెప్పాడు సింహాచలం. ఇప్పుడతను భార్య కమలాదేవితో, కూతురు కీర్తికతో వచ్చాడు. చూశాడంటే ఆ కబురు ఊరు చేరుతుంది. గడ్డం గీయించుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ కొడుకు గొప్ప చెప్పుకునే తండ్రి, రేపు ఆ ఊళ్ళో తలెత్తలేడు.

మొహం తిప్పుకోబోయాడు. కత్తెర లోతుకి దిగింది. బ్రౌనీ కీచుమని అరిచింది, రక్తం కారింది. గట్టిగా అదిమి పట్టుకోమని చెప్పి, టాన్ మందు కోసం ఇంటివైపు పరుగెత్తాడు. సింహాచలం అదిమి పట్టుకోలేదు. టోపీ ముక్కు మీదకి లాక్కుని, మేత కొట్టంలోకి తప్పుకున్నాడు.

"డాడీ, ఇట్స్ బ్లీడింగ్ లా. ఆ అంకుల్ ఎందుకు వెళ్ళిపోయాడు?" అంది కీర్తిక, సింగపూర్ యాసలో.

కొట్టం చెక్కల సందులోంచి సింహాచలం అంతా చూశాడు. జనార్దనరావు కంచె దాటాడు. ఇస్త్రీ ప్యాంటుతోనే బురదలో చతికిలబడి, బ్రౌనీ కాలు ఒళ్ళో పెట్టుకుని చేతిరుమాలుతో అదిమాడు. అది చొక్కా నిండా ఉమ్మింది. కమలాదేవి లేవమని గొణిగింది. అతను లేవలేదు. ఆ ఇంటి మనిషి నేల మీద కూర్చోవడం సింహాచలం పుట్టి బుద్ధెరిగి చూడలేదు. తను చేయాల్సిన పని అది. పరుగెత్తి వెళ్ళాలనిపించింది, అయినా సందు దగ్గరే ఉండిపోయాడు. ఇంతకన్నా అందరి ముందూ చెప్పు దెబ్బలు తిన్నా బాగుండేదనిపించింది.

కాసేపటికి, టాన్ ఇంకా రాకముందే, జనార్దనరావు తలెత్తకుండానే కొట్టం వైపు పిలిచాడు.

"ఒరే సింహాచలం, రక్తం ఆగిందిరా. వచ్చి కాలు పట్టుకో, నేను లెగాలి."

సింహాచలం బయటికి వచ్చాడు. ఊళ్ళో చెప్పొద్దని అడగాలని నోటిదాకా వచ్చిన మాట, బురద పట్టిన అతని మోకాళ్ళు చూడగానే లోపలే ఆగిపోయింది. పక్కన కూర్చుని కాలు అందుకోబోయాడు. బ్రౌనీ వణికి, కాలు వెనక్కి లాక్కుని జనార్దనరావుకే ఒదిగింది. సింహాచలం మళ్ళీ చెయ్యి చాపాడు. అది ఇవ్వలేదు.