రెండు సగం డబ్బాల మందు

షాలేమ్ రాజు ఎయిర్‌పోర్టు దగ్గర వేర్‌హౌస్‌లో పార్సిళ్ళు మోస్తాడు. బాపట్ల వైపు మనిషి, ఎనిమిదో తరగతితో బడి మానేశాడు. కెనడాలో మిస్సిసాగాకి తీసుకొచ్చి పనిలో పెట్టించింది పెళ్ళాం దయావతి వాళ్ళన్న జ్ఞానప్రకాశం. ఆయన ఫార్మా కంపెనీలో మేనేజరు, చర్చిలో పెద్ద. చేసిన మేలు ఆయన మర్చిపోడు, ఇంకోళ్ళని మర్చిపోనివ్వడు.

రాజుకి తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్న పిచ్చి ఒక్కటే, గరాజులో బల్లకి బిగించిన చేతి మిషన్. పేల్చేసిన ఖాళీ తూటాలు ఏరుకొచ్చి, అడుగున కొత్త క్యాప్ కొట్టి, తుపాకి మందు పోసి, ప్లాస్టిక్ గిన్నె దించి, సీసం గుళ్ళు నింపి, మూతి మడిచేస్తాడు. హ్యాండిల్ లాగినప్పుడల్లా భుజం కలుక్కుమంటది. అయినా లాగుతాడు. పొద్దస్తమానం ఎవరెవరి పేర్లో రాసున్న పెట్టెలు మోసి మోసి వస్తాడు, తనకంటూ చేసుకునే పని అదొక్కటే. సెలవు రోజు ఆరెంజ్‌విల్ ఊరు దాటి షూటింగ్ క్లబ్బుకెళ్ళి, గాల్లోకి విసిరే మట్టి పళ్ళేల్ని వాటితో పగలగొట్టొస్తాడు. ఒక్క తూటా ఇంకోళ్ళకివ్వడు. ఎవడు నింపింది వాడి తుపాకిలోనే పేలాలి, అంతే.

ఈ మధ్య జ్ఞానప్రకాశం కూడా లైసెన్సు తీసుకుని కొత్త తుపాకి కొన్నాడు. ఆ గురువారం ప్రేయర్ మీటింగ్ రాజు ఇంట్లో. జనం వచ్చేలోపు, డ్యూటీ దిగొచ్చిన రాజు హడావిడిగా, చేతికందిన మందు డబ్బాలోంచే ఒక డబ్బా తూటాలు నింపుకున్నాడు. ప్రార్థన అయింది, బిర్యానీ అయింది. జ్ఞానప్రకాశం జనంతో సహా గరాజులోకొచ్చి తూటాల డబ్బా చేతిలోకి తీసుకున్నాడు.

"శనివారం మా ఆఫీసోళ్ళని క్లబ్బుకి తీసుకెళ్తున్నా. ఇది నాకుంచు బావా. మా బావ చేత్తో చేసినయ్యి అని చూపిస్తా."

"అవి నా తుపాకి కోసం చేసుకున్నయ్యి బావగారూ. మీరు కొట్లో తెచ్చుకోండి."

"విన్నావా దయా? కెనడా ఇచ్చినోడికి ఒక డబ్బా ఇవ్వలేడంట మీ ఆయన!"

అందరూ నవ్వారు. దయావతి ఉరిమి చూసింది. రాజు ఇచ్చేశాడు.

శనివారం పొద్దున మళ్ళీ మిషన్ దగ్గర కూర్చుంటే, ఉండాల్సిన మందు డబ్బాలు రెండిట్లో ఒకటి కనపళ్ళా.

"దయా, ఎర్ర మూత డబ్బా ఏది?"

"అదా? బుధవారం సర్దేటప్పుడు చూశా, రెండిట్లో సగం సగమే ఉంది. ఒకదాంట్లో పోసేశా. ఖాళీది రీసైక్లింగ్‌లో పడేశా. కుర్చీలకి చోటు కావద్దా?"

ఆ ఇంట్లో కందిపప్పైనా, కారమైనా, టీ పొడైనా, సగం ప్యాకెట్లు రెండు కనపడితే ఆమె చెయ్యి ఊరుకోదు. ఒకటి చేసేస్తది. ఆ చేత్తోనే ఇదీ చేసింది.

రాజు హ్యాండిల్ వదిలేశాడు. ఒక మందు తొందరగా కాలేది, ఇంకోటి నిదానంగా కాలేది. కొలత దేనిది దానిదే. రెండూ కలిసినదాన్ని ఒక కొలతతో పోస్తే తుపాకి గొట్టం పగలొచ్చు, పట్టుకున్న చెయ్యి పోవచ్చు. గురువారం తను నింపింది ఆ కలిపిన డబ్బాలోంచే.

జ్ఞానప్రకాశానికి ఫోన్ చేశాడు. ఎత్తలా. మళ్ళీ చేశాడు, కట్ చేశాడాయన. క్లబ్బుకి చేస్తే మెసేజ్ పెట్టమని రికార్డింగ్ వచ్చింది. దయావతికి ఏం చెప్పకుండా కారు తీశాడు. హైవే టెన్ మీద ప్రతి లైటూ ఎర్రగానే తగిలింది. "ప్రభువా, ఆ చెయ్యి కాపాడు" అనుకుంటా వెళ్ళాడు.

రాజు వెళ్ళేసరికి జ్ఞానప్రకాశం తుపాకి మడిచి, తూటా దోపబోతున్నాడు. వెనకాల ఆఫీసోళ్ళు ఫోన్లతో వీడియో తీస్తున్నారు.

"ఆగండి బావగారూ! కాల్చొద్దు!"

"ఏంటి బావా, ఇచ్చింది లాక్కెళ్ళడానికి ఇంత దూరం వచ్చావా? పెట్రోలు ఖర్చన్నా గిట్టుద్దా?"

"మందు కలిసిపోయింది. తుపాకి పగిలిద్ది."

జ్ఞానప్రకాశం మొహం తెల్లబోయింది. దోపబోయిన తూటాని చేతిలో చూసుకున్నాడు. ఆనక తేరుకున్నాడు. "కలవడమేంటి? ఎవరు కలిపారు?"

దయావతి పేరు చెబితే ఈయన ఇంతమంది ముందు చెల్లెల్ని చదువు లేనిదంటాడు. ఇంటికొచ్చి మళ్ళీ అంటాడు. పండగ పండగకీ అంటాడు.

"నేనే. నిద్రమత్తులో."

"నన్ను చంపడానికి చూశావన్నమాట!" అని, అదే మాట ఇంగ్లీషులో ఆఫీసోళ్ళకీ చెప్పాడు. వాళ్ళు నవ్వలా. క్లబ్బు చూసుకునే పెద్దావిడ నడిచొచ్చి, సంగతి విని, నెమ్మదిగానే చెప్పింది. నీ చేత్తో నింపినవి ఇంక ఈ గేటు లోపలికి తేవద్దు అని. రాజు డబ్బా చంకన పెట్టుకుని తిరిగొచ్చాడు.

ఇంటికొచ్చేసరికి ఫోన్ ముందే వచ్చేసింది.

"పొడి కలపడం కూడా తెలీని మనిషికి ఎందుకీ పిచ్చి, అంటున్నాడు అన్నయ్య. నిజమే కదండీ? ఆయన చెయ్యి పోతే?"

"కలిపింది నువ్వు దయా. బుధవారం సర్దావు చూడు, అప్పుడు."

"నేను పోసింది పొడిలో పొడేగా, దానికి తుపాకి పగిలిద్దా? మరి అక్కడ నేనే కలిపా అని మీ నోటితో మీరే అన్నారంటగా? అన్నయ్య ముందు ఒక మాట, నా ముందు ఇంకో మాటా? మీ తప్పు నా నెత్తిన రుద్దుతారా?"

రాజు డబ్బా పట్టుకుని గరాజులోకి పోయాడు. మాట్లాడితే నిజం ఇంకా అబద్ధంలాగే వినపడేట్టుంది.

తర్వాతి గురువారం మీటింగ్ జ్ఞానప్రకాశం ఇంట్లో. కోలుకోవాల్సిన రోగులకీ, ఇక్కడే ఉండిపోయే పీఆర్ కాయితాలు రావాల్సిన పిల్లలకీ ప్రార్థన అయ్యాక, ఆయన లేచి రాజు నెత్తిన చెయ్యి పెట్టాడు. అయిదు వేళ్ళూ బాగానే ఉన్నాయి, బరువుగా ఆనాయి.

"తండ్రీ, మా రాజు బావ అజాగ్రత్తని క్షమించు. ఆ తుపాకి వ్యసనం నుంచి విడిపించు."

అందరికన్నా గట్టిగా దయావతి ఆమేన్ అంది. తర్వాత కళ్ళు తెరిచి మొగుడి వైపు చూసింది.

రాజు కూడా అన్నాడు, ఆమేన్.