మోషే ఎదుటి రాజు

టైలరు గారింట్లో మొగుడూ పెళ్లాలకు చుట్టాల దగ్గర గొడవ రాలేదు, వంట దగ్గర రాలేదు. వచ్చిందల్లా ఒక ఫరో దగ్గరే. నవ్వకండి. ఆ గొడవ మీదే వాళ్ల కాపురం ముప్పై ఏళ్లు హాయిగా సాగింది.

ఆవిడ చర్చిలో పిల్లలకు ఆదివారం బడి చెప్పేది. ఊరంతా టీచరమ్మ అనేవాళ్లు. బైబిలు కథ మొదలుపెట్టగానే పిల్లలు "ఇదంతా ఎప్పుడు జరిగింది టీచర్? అప్పుడు రాజెవరు?" అని ప్రాణం తీసేవాళ్లు. అందుకని ఆవిడ మొగుడి చేత గోడ పొడుగునా ఒక తెర కుట్టించింది. పై వరసలో బైబిలు మనుషులు, కింది వరసలో వాళ్ల కాలంలో ఐగుప్తును, అంటే ఈజిప్టును, ఏలిన ఫరో రాజులు. అందరూ కొట్లో మిగిలిన గుడ్డపేలికల్లోంచి పుట్టినవాళ్లే. సొలొమోను కొడుకు రెహబాము కింద, యెరూషలేము మీదికొచ్చి దేవాలయం సొమ్ము ఎత్తుకుపోయిన షీషకు. హిజ్కియా కింద, అష్షూరు వాళ్లతో తలపడ్డానికి బయల్దేరిన తిర్హాకా. యోషీయా కింద, అతని చావుకు కారణమైన నెకో. వీళ్ల పేర్లు బైబిల్లోనే ఉన్నాయి కాబట్టి పేచీ లేకుండా మిషను మీద గట్టిగా కుట్టేశాడు.

పేచీ అంతా మోషే దగ్గర వచ్చింది. అక్కడ బైబిలు "ఫరో" అని ఊరుకుంది, పేరు చెప్పలేదు.

"ఇంకెవరు, రామ్సేసే," అన్నాడు టైలరు. "మోషే జనం చేత వెట్టిచాకిరీ చేయించి కట్టించిన పట్నం పేరే రామసేసు కదా! కట్టించినవాడు తన పేరు పెట్టుకుంటాడా, పక్కింటాడి పేరు పెడతాడా?"

"ఊరి పేరు తర్వాత మార్చి ఉండొచ్చు," అంది ఆవిడ. "సొలొమోను మందిరం మొదలుపెట్టింది మోషే జనం ఐగుప్తు నుంచి బయటికొచ్చిన నాలుగు వందల ఎనభయ్యో ఏట అని రాసుంది. వెనక్కి లెక్కెయ్యండి. మీ రామ్సేసు అప్పటికింకా పుట్టనేలేదు. అది తుత్మోసు అనే ఫరో కాలం."

ఆయన ఊరి పేరు వదలడు, ఆవిడ లెక్క వదలదు. ఇద్దరూ పట్టిన కుందేళ్లకు మూడే కాళ్లు. చివరికి ఇద్దరు రాజులూ తయారయ్యారు. ఆయన రామ్సేసు ఎవరి కోటు తాలూకో మిగిలిన ఎర్ర వెల్వెట్టు. ఆవిడ తుత్మోసు తెల్లటి లైనింగు గుడ్డ, అదీ స్వయంగా కత్తిరించింది. టైలరు పెళ్లామయ్యుండి సూది పట్టడం రాదు మహాతల్లికి! తెల్లగుడ్డ మీద నల్లదారంతో టిచ్ బటన్లు వంకరటింకరగా కుట్టింది. మోషే కింద కూడా టిచ్ బటన్లే పెట్టారు, ఎవరి రాజును వాళ్లు తగిలించుకోవచ్చని.

ఇక ప్రతి ఆదివారం తమాషాయే. పొద్దున్నే ఆవిడ తుత్మోసును తగిలించి తెర చుట్టేది. సైకిలు మీద పెట్టేటప్పుడు ఈయన రాజును మార్చేసేవాడు. తరగతిలో తెర విప్పితే రామ్సేసు ప్రత్యక్షం! పిల్లలు గొల్లుమనేవాళ్లు. టైలరు వెనక బెంచీలో కూర్చుని ఏమీ ఎరగనట్టు పైకప్పు వైపు చూసేవాడు. ఓసారి ఇద్దరూ ముందుజాగ్రత్త పడ్డారు. ఆయన రాజును ఆవిడ సంచిలో దాచింది, ఆవిడ రాజును ఆయన జేబులో దాచాడు. ఆరోజే పై ఊరి నుంచి పెద్ద పాస్టరు గారొచ్చి "చూడండి పిల్లలూ, మోషే ఫరోను ఎలా గద్దిస్తున్నాడో!" అని వేలు చూపిస్తే, మోషే కర్రెత్తి ఖాళీ గుడ్డను గద్దిస్తున్నాడు. ఇంటికొస్తూ మొగుడూ పెళ్లాలు నవ్వలేక సైకిలు దిగిపోయారు. ఎంత మంచి రోజులవి!

ఆవిడ పోయాక తెర బీరువాలోకి వెళ్లింది. ఇప్పుడు ఆ తరగతి కోడలు చెబుతోంది. చిన్నప్పుడు అదే తరగతిలో చదువుకున్న పిల్ల. పురుగు కొట్టిన తెర తెచ్చి మామగారి మిషను మీద పెట్టింది.

"మామయ్యా, ఆదివారానికి కావాలి. మోషే కింద బటన్లు ఊడిపోతున్నాయి, ఈసారి గట్టిగా కుట్టెయ్యండి. మీ రామ్సేసునే పెట్టండి. ఇంక వద్దనేవాళ్లెవరు?"

నవ్వుతూనే అంది. ఆయన కళ్లజోడు తగిలించుకుని తెర విప్పాడు.

మధ్యాహ్నం చిల్లులన్నీ రఫ్ఫు చేశాడు. వెల్వెట్టు రాజును సూది కింద పెట్టాడు. ఆవిడ కూర్చునే స్టూలు వైపు చూసి, "ఇదిగో, కుట్టేస్తున్నా. తర్వాత అనుకుని లాభం లేదు," అన్నాడు పైకే. ముప్పై ఏళ్లు గెలవడానికి నానా తంటాలు పడ్డ మనిషికి, తీరా గెలుపు ఒళ్లో వచ్చి పడితే ఏడుపొచ్చింది. ఈ ఒక్క కుట్టు పడితే ఆవిడతో మాట్లాడడానికి ఇంకేం మిగలదు.

సూది పైకెత్తేశాడు. తెరకు కొత్త టిచ్ బటన్లు కుట్టాడు. రామ్సేసునే తగిలించాడు, ఊరికే ఓడిపోతే ఆవిడకూ నచ్చదు మరి. తుత్మోసును నల్లదారంతో సహా అలాగే ఉంచి తెరలో పెట్టి చుట్టాడు.

ఆదివారం వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాడు. కోడలు తెర విప్పింది. షీషకు, తిర్హాకా, నెకో ఎక్కడివాళ్లక్కడే ఉన్నారు. మోషే ఎదుట మాత్రం తెల్లటి లైనింగు గుడ్డ రాజు, కాస్త వంకరగా.

టైలరు దిగ్గున లేచాడు. "అమ్మాయ్! నేను పెట్టిందెవర్ని, అక్కడున్నదెవరు?"

"అత్తయ్య లెక్కే సరైంది మామయ్యా."

"ఏం సరైంది! మరి ఆ ఊరి పేరు సంగతేంటి?"

"ఊరి పేరు తర్వాత మార్చి ఉండొచ్చు," అంది కోడలు. అవే మాటలు. అదే విరుపు.

పిల్లలు గొల్లుమన్నారు. టైలరు చొక్కా చేత్తో కళ్లు తుడుచుకుని, "నా రాజును నీ సంచిలోంచి తియ్యి," అన్నాడు. "వచ్చే ఆదివారం చెబుతా నీ పని."