బాషా మేస్త్రి "పో" అన్న బండి

మొహిద్దీన్ బాషా పోయిన నలభయ్యో రోజున ఫాతెహా ప్రార్థనకి సత్తెనపల్లి డ్రైవర్లు చాలామంది వచ్చారు. షామియానా కింద భోజనాలు చేస్తూ అందరూ ఆయన చెవి గురించే చెప్పుకున్నారు. అన్నం ముందు కూర్చున్న మనిషి రోడ్డు మీద పోయే లారీ చప్పుడు విని, ఏ భాగం అరిగిందో చెప్పేవాడట. అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే అది పాత సంగతి. తర్వాతి సంగతి మాత్రం లోపల గదిలో కూర్చున్న ఆయన భార్య ఖుర్షిదా ఇప్పటికీ మర్చిపోలేదు.

బాషా గుంటూరులో అలీ సాహెబ్ షెడ్డులో మెకానిక్ పని నేర్చుకుని, పెళ్లయ్యాక సత్తెనపల్లిలో రోడ్డు పక్కన సొంత షెడ్డు వేసుకున్నాడు. వెనక రెండు గదుల ఇల్లు. కూతురు షమా పుట్టినప్పుడు ఖుర్షిదా మూడు నెలలు మంచం దిగలేకపోతే, పిల్ల గుడ్డల దగ్గర్నుంచి అన్నీ తనే ఉతికి, షెడ్డు ముందు తీగ కట్టి ఆరేశాడు. డ్రైవర్లు ఆట పట్టిస్తే, "మీరు ఉతకరు కాబట్టే మీ ఇళ్లలో మీకు కాఫీ లేటు" అనేవాడు. పిల్ల బడికెళ్లే వయసొచ్చాక రోజూ చేతులు కిరసనాయిలుతో, సబ్బుతో రుద్ది రుద్ది కడిగి, జడలు తనే వేసేవాడు. అయినా రిబ్బన్లకి కాస్త గ్రీజు అంటేది. బళ్లో టీచర్లకి అది అలవాటైపోయింది.

పనిలో ఆయన పద్ధతి ఒకటుంది. రిపేరు అయ్యాక పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన బండికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. విన్నంత విని, "పో" అనేవాడు. ఆ మాట అననిదే ఏ డ్రైవరూ బండి కదిలించేవాడు కాదు. అన్నాక అనుమానపడేవాడూ కాదు.

ముప్పై ఏళ్ల సుత్తి మోత ఊరికే పోతుందా? పొయ్యి మీద కుక్కర్ నాలుగు కూతలేసినా, పక్కనే కూర్చుని "ఇంకా కూత రాలేదేం" అని ఆయన అడిగిన రోజున ఖుర్షిదాకి విషయం అర్థమైంది. చేతికి తగిలే అదురుతోనే నెట్టుకొస్తున్నాడు. డాక్టరు దగ్గరికి పోదామంటే, "మెషిన్ పెట్టిన చెవిని నమ్మి బండి ఎవడిస్తాడు? షమా చదువు మధ్యలో ఉంది" అన్నాడు. ఆమె నోరు మూసుకుంది. అప్పట్నుంచీ ఆయన "పో" అన్న ప్రతిసారీ ఆమె కిటికీలోంచి ఆ బండిని గుర్తు పెట్టుకునేది. ఆ బండి సాయంత్రం తిరిగొస్తూ కనిపిస్తే గానీ ముద్ద దిగేది కాదు.

రెండేళ్లు అలాగే గడిచాయి. మిరప కోతల రోజుల్లో ఒక పొద్దున డ్రైవర్ సురేంద్ర తన కూలీల వ్యాన్ తెచ్చి ఆపాడు. వెనక పద్దెనిమిది మంది ఆడవాళ్లు, క్యారియర్లు, ఇద్దరు చంటిపిల్లలు.

"వెనక చక్రంలో ఏందో కూస్తంది మామా, చూడు," అన్నాడు.

అందర్నీ దింపి, బాషా జాకీ వేసి చక్రం లేపి తిప్పాడు. స్క్రూడ్రైవర్ ఆనించి విన్నాడు.

వంటింటి కిటికీ దగ్గర బియ్యం కడుగుతున్న ఖుర్షిదాకి వినపడింది. సన్నగా, కీచుమని, ఎండిపోయిన బేరింగు చప్పుడు. ఇరవై ఏళ్లు షెడ్డు వెనక కాపురం చేసిన మనిషికి ఆ మాత్రం తెలుసు. షెడ్డులో ఇంకో నలుగురు డ్రైవర్లున్నారు. ఇప్పుడు తను వెళ్లి నోరు విప్పితే, ఆయన చెవి సంగతి మధ్యాహ్నానికల్లా ఊరంతా పాకుతుంది. ఆయనకే అనుమానం వస్తుందేమో, ఇంకోసారి తిప్పుతాడేమో అని చూసింది.

"ఏం లేదు, దుమ్ము. పో," అన్నాడు బాషా.

వ్యాన్ వెళ్లిపోయింది. ఆమె బియ్యం రెండోసారి కడిగింది, మూడోసారి కడిగింది. నీళ్లు ఎప్పుడో తేటపడ్డాయి. కళ్ల ముందు చేలకి పోయే దారిలోని సాగర్ కాలువ వంతెన, దాని మీద చక్రం ఊడిన వ్యాన్. గిన్నె అక్కడే వదిలేసింది. షెడ్డులోకి వెళ్లి, నలుగురి ముందే ఆయన భుజం పట్టి తన వైపు తిప్పుకుంది.

"ఆ చక్రంలో బేరింగు పోయింది. నాకు వినపడింది," అంది.

బాషా చేతిలో పానా అక్కడే పడేశాడు. ఫోన్ చేయిస్తే సురేంద్ర ఎత్తలేదు. మోపెడ్ తీశాడు, ఆమె వెనక ఎక్కింది. మిరప బస్తాల లారీలు ఎదురొస్తున్న ఆ రోడ్డు మీద, మోపెడ్ అంత వేగం పోతుందని దాన్ని తయారుచేసినవాళ్లకే తెలిసుండదు. ప్రతి మలుపులోనూ జనం గుమిగూడి ఉంటారేమోనని ఆమె కళ్లు మూసుకుంది.

టీ కోసం దారిలో ఆగబట్టి, వ్యాన్ వంతెనకి కాస్త ఇవతల దొరికింది. చక్రం మీద నీళ్లు పోస్తే చుయ్యిమని ఆవిరైపోయాయి. ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని గబగబా దిగాక, జాకీ వేసి లేపి చేత్తో కదిపితే చక్రం అటూ ఇటూ ఊగింది.

"తప్పు నాదమ్మా. నాకు చెవులు వినపడవు. రెండేళ్లుగా దాచిపెట్టా," అని బాషా వాళ్లందరి ముందూ చేతులు జోడించాడు.

ఆ సీజనంతా షెడ్డు బోసిపోయింది. తర్వాత చెవికి మెషిన్ పెట్టుకుని, పక్కన ఖుర్షిదాని నిలబెట్టుకుని పని మళ్లీ మొదలుపెట్టాడు. షమా చదువూ పూర్తయింది. అదంతా తర్వాతి మాట. ఆ రోజు తిరిగొస్తూ దారిలో, "నీకెప్పుడు వినపడింది?" అని అడిగాడు.

"మీరు చక్రం తిప్పినప్పుడే," అంది వెనక నుంచి. ఆయనకి వినపడలేదు. అంతటితో ఊరుకోవచ్చు. బండి కదిలాకే వినపడిందని చెప్పినా నమ్మేవాడు. కానీ ఆమె షెడ్డు దగ్గర దిగాక ఎదురుగా నిలబడి, పెదాలు కనపడేలా మళ్లీ చెప్పింది.

బాషా మోపెడ్‌కి స్టాండు వేశాడు.

"నా పరువు కోసం ఆగావా?"

ఆమె తలూపింది.

"నేను రెండేళ్లు దాచా. నువ్వు కాసేపు దాచావు," అన్నాడు మెల్లగా. "ఇంకెప్పుడూ ఆగమాక. ఆళ్లు బతికారు గనక మనం మనుషుల్లో ఉన్నాం."