వేలు చూపని చోటు

మా బావ పుట్టకొక్కులకు వేలు చూపడు. బీర పిందెకు వేలు చూపిస్తే కుళ్ళిపోతుందని మా వైపు ఆడవాళ్ళు వేలు మడిచి కణుపుతో చూపిస్తారు. ఆయన ఆ పద్ధతి కొక్కులకూ పెట్టుకున్నాడు. గడ్డిలో తెల్లటి పుట్టగొడుగు కనబడగానే చూపుడు వేలు మడిచి, గడ్డం ముందుకు చాచి, ‘అగో’ అనేవాడు.

బావ అంటే మా అక్క భర్త. పాశమైలారం పక్కన ఆయనకు జొన్న పండే చెల్క ఉండేది. కంపెనీల కోసం సర్కారు తీసుకుంది. వచ్చిన డబ్బుతో ఇల్లు పెంచి, గదులు కిరాయికి ఇచ్చాడు. చెల్కలో మాత్రం షెడ్డు లేవలేదు. చాన్నాళ్ళు అట్లాగే ఉండి, రెండేళ్ళ కింద చుట్టూ గోడ లేచింది. లోపల తుమ్మపొదలు, నడుమ పాత పుట్ట. వాననీళ్ళు పోవడానికి గోడ అడుగున ఒక తూము వదిలారు. మనిషి వంగి, భుజాలు ముడుచుకుంటే పడుతుంది.

నేను పత్రిక ఉద్యోగం వదిలాక, ముసురు పట్టిన రోజుల్లో ఇద్దరం పొద్దున్నే ఆ తూములోంచి దూరి కొక్కులు ఏరుకునేవాళ్ళం. వాచ్‌మన్ దూరంగా గేటు దగ్గరే ఉంటాడు. తెచ్చినవాటిని చూసి అక్క, “ఏ మందు తాగి మొలిచినయో” అని గొణుగుతూనే కూర వండేది.

బావకు కొక్కులొక్కటే పని కాదు. లోపలికి పోగానే ఆయన తిన్నగా నడిచేవాడు కాదు. కొంత దూరం పోయి, అక్కడ ఏమీ లేకున్నా, ఎడమకు తిరిగేవాడు. మళ్ళీ కొంత దూరం పోయి కుడికి. ఎప్పుడో చదును చేసిన గట్టు మీద నడుస్తున్నాడని నాకు అర్థం కావడానికి ఒక వానకాలం పట్టింది. ఆ తూము మూసేస్తే ఆయన తన నేల మీద కాలు పెట్టడానికి ఇంకో దారి లేదు. అందుకే ఆ చోటు సంగతి మేం అక్కకు కూడా చెప్పలేదు.

ఒకనాడు పుట్ట చుట్టూ విరగబడి మొలిచాయి. బావ తువ్వాల పరిచి వాటిని పోశాడు.

“ఒక ఫోటో కొట్టు బామ్మర్దీ. మా ఊరి గ్రూపుల వెయ్యి. ఒక్కొక్కనికి కడుపు మండాలె.”

“ఏడ దొరికినయని అడుగుతరు బావా.”

“సంతల కొన్నమని చెప్దాం.”

“సంతల కొన్నయ్ గింత మట్టితోటి ఉంటయా?”

“పేపరోనివి కదా, ఏదో ఒకటి రాయి. ఇన్నేండ్లు ఏం రాసినవ్ మరి?”

గోడ పడకుండా, పొగగొట్టం పడకుండా, ఆకాశం కూడా రాకుండా మోకాళ్ళ మీద కూర్చుని ఫోటో తీశాను. ముఖాలు, ఊళ్ళు దాచడం పత్రికలో చేసిన పనే. తువ్వాల, కొక్కులు, అంచున కాస్త గడ్డి. ప్రపంచంలో ఎక్కడైనా కావచ్చు. గ్రూపులో వేశాను.

మెచ్చుకోళ్ళు, తిట్లు వచ్చాయి. ఆ నడుమ, పేరూ బొమ్మా లేని ఒక నంబరు నుంచి ఒక మ్యాపు వచ్చింది. మాటలేమీ లేవు. ఆకుపచ్చ ఖాళీలో ఒక ఎర్ర గుర్తు. చూస్తుండగానే పంపినవాడే దాన్ని తీసేశాడు. తొలగించారన్న బూడిదరంగు వాక్యం మాత్రం మిగిలింది.

“ఎవడు గాడు?” అన్నాడు బావ.

ఆ గ్రూపులో ఊరివాళ్ళు, వాళ్ళ అల్లుళ్ళు, పాత కిరాయిదార్లు, ఎవరెవరో ఉన్నారు. ఆయనకూ తెలియదు.

పత్రికలో నాతో తిరిగిన ఫోటోగ్రాఫరుకు ఫోన్ చేశాను.

“ఎట్ల పంపినవన్నా? ఫోటో లెక్కనా, డాక్యుమెంటు లెక్కనా?”

డాక్యుమెంటులాగే. మామూలుగా పంపితే బొమ్మ పలచబడి అచ్చుకు పనికిరాదని డెస్కు వాళ్ళు కోప్పడేవారు. అప్పటి నుంచి నా వేలు దానంతటదే అటు పోతుంది.

“ఫోటో లెక్క పంపితే చోటు వివరం చెరిగిపోతుండె. నువ్వు ఉన్నదున్నట్టు పంపినవ్. ఏడ నిలబడి తీసినవో దాంట్లనే ఉంటది.”

ఫోటోను గ్రూపులోంచి తీసేశాను. మా ఇద్దరి ఫోన్లలోనూ కెమెరా చోటు గుర్తుంచుకోకుండా ఆపేశాను. బావ పక్కన కూర్చుని, ఒక్కొక్క మీట చూపించుకుని, అయిపోయిందా అని రెండుసార్లు అడిగాడు.

తర్వాతి ఆదివారం మంచు పట్టింది. కంపెనీల ఆవిరీ మంచూ కలిసి, కుళ్ళిన గుడ్ల వాసనతో నేల మీదికి దిగాయి. ఎటు నుంచో బాయిలర్ల మోత. మేం పొద వెనక ఉన్నాం. గోడ మీద నుంచి ఒక మనిషి దిగాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, ఇంకో చేతిలో ఫోను. నేలను చూడలేదు, పొదలను చూడలేదు. తెర వెలుగు గడ్డం మీద పడుతుంటే ముందుకు వచ్చాడు, అడుగు వెనక్కి వేశాడు, ఎవరో భుజం పట్టి తిప్పినట్టు సగం తిరిగి ఆగాడు. ఆ రోజు అక్కడ ఒక్క కొక్కు కూడా లేదు. అయినా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నేను కూర్చున్న చోటే, నేను కూర్చున్న వైపే ముఖం పెట్టి.

“నీ లెక్కనే కూసున్నడు,” అన్నాడు బావ, ఊపిరంత సన్నగా.

ఫోను అంత కచ్చితంగా చెప్పలేదని ఫోటోగ్రాఫరు తర్వాత అన్నాడు. కొన్ని గజాలు అటో ఇటో ఉంటుందట. అటువైపు ముఖం పెట్టాలని మాత్రం ఏ మ్యాపూ చెప్పదు. ఆ మనిషి ఖాళీ గడ్డిని అరచేత్తో నిమిరి, లేచి, వచ్చిన దారినే మంచులోకి పోయాడు. ఒక్కసారి కూడా తల ఎత్తలేదు.

అతని తర్వాత ఇంకా ఎవరు వచ్చారో తెలియదు. గోడ మీద బురద అడుగులు వాచ్‌మన్ చూశాడట. మేం మళ్ళీ పోయేసరికి గోడ మీద గాజు పెంకులు, తూముకు ఇనుప జాలీ. కొత్త సిమెంటు ఇంకా తడిగా ఉంది. బావ జాలీ పట్టుకుని ఒకసారి ఊపి చూశాడు. తర్వాత తూము నీళ్ళు పారే మోరీ గట్టు మీద కూర్చున్నాడు.

“ఆ ఫోటో ఉన్నదా, తీసేసినవా?”

“నా ఫోన్ల ఉన్నది. ఇప్పుడే తీసేస్త బావా.”

“తియ్యకు. దాని మ్యాపు తెరువు.”

ఫోటోలో ఉన్న చోటు వివరం నొక్కి తెరిచాను. పై నుంచి తీసిన బొమ్మ వచ్చింది. ఎర్ర గుర్తు పక్కన పుట్ట నల్లటి చుక్కలా ఉంది. దాని చుట్టూ పాత గట్ల గీతలు, అక్కడక్కడ తెగి, ఇంకా ఉన్నాయి.

“గోడేది?”

“ఈ బొమ్మ తీసిన నాడు ఇంకా కట్టలే.”

ఆయన ఫోను తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. చూపుడు వేలు మడిచి, కణుపుతో గట్టు వెంబడి మెల్లగా పోయాడు. కణుపు తగిలినప్పుడల్లా బొమ్మ పక్కకు జారిపోయింది. నేను సరిచేసి ఇచ్చాను. ఆయన మళ్ళీ మొదటి నుంచి గట్టు పట్టుకున్నాడు.