గీత విడిచి గీత

ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో, రెండో అంతస్తులో, భావనారాయణ గారి వీడియో మిక్సింగ్ గది ఉండేది. పెళ్ళి క్యాసెట్లకు పువ్వులూ, పేర్లూ అద్దే చోటు. అద్దేవాడు ఆనంద్ పాల్. మెదక్ వాడు, నాంపల్లి స్టేషన్ దగ్గర కిరాయి గదిలో ఉండేవాడు. చర్చి గోడల మీద వాక్యాలు రాసి రాసి చేయి తిరిగినవాడు, 1992లో బ్రష్షు పక్కన పెట్టి అమీగా కంప్యూటరు ముందు కూర్చున్నాడు. కీబోర్డు కడుపులోనే యంత్రమంతా ఇమిడి ఉండే పాత సరుకది. మామూలు టీవీయే దానికి తెర. దానికి తెలుగు రాదు. రాకపోతే ఏం, ఆనంద్ పాల్‌కి వచ్చు! చుక్క పక్కన చుక్క పెట్టి ఒక్కో అక్షరాన్నీ గీసేవాడు. ఒక్క ‘క్ష’కే పూట పట్టిందంటే నమ్మండి.

టీవీ గుట్టు అతనికి మొదటి నెలలోనే తెలిసిపోయింది. టీవీ బొమ్మను ఒక్క ఊపున గీయదు. బంతిలో ఆకు విడిచి ఆకుకు వడ్డిస్తూ పోయి, మళ్ళీ మొదటికొచ్చి మిగిలిన ఆకులకు వడ్డించినట్టు, ముందు బేసి గీతలు గీస్తుంది, తర్వాత సరి గీతలు. కన్నుమూసి తెరిచేలోగా ఇదంతా అయిపోతుంది కాబట్టి మనకు నిండు బొమ్మే కనిపిస్తుంది. కానీ తలకట్టును ఒకే గీత మందాన గీశారో, అది ఒక వడ్డనలో ఉండి రెండో వడ్డనలో మాయమై వణుకుతుంది. కుదురుగా నిలవాలంటే రెండు గీతల మందం పెట్టాలి.

అది తెలిశాక ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. అక్షరాలను బేసి గీతల్లో మాత్రమే గీసి, సరి గీతలను ఖాళీగా వదిలేశాడు.

“పేర్ల కింద మనుషులు గూడ కనవడాలె గద సార్,” అన్నాడు.

కనపడ్డారు, నిజమే. కానీ అక్షరాలు గడగడా వణికాయి. వాటికి ‘మెరుపు అక్షరాలు’ అని పేరు పెట్టి 1994 ఎండాకాలంలో మూడు పెళ్ళిళ్ళకు అంటగట్టాడు. అందులో ఒక పెళ్ళివారు తిరిగొచ్చి, “ఏంది సార్, అక్షరాలకు చలిజరం వచ్చిందా?” అని అడిగేసరికి భావనారాయణ గారికి తల కొట్టేసినట్టయింది.

“నీ తెలివి తెల్లారినట్టే ఉంది! రేపటి నుంచి లావుపాటి అక్షరాలే వెయ్యి. నీ విద్యలన్నీ నీ ఇంట్లో చూపించుకో,” అని దులిపేశారు. ఆనంద్ పాల్ నోట్లో నాలుక లేని మనిషి. తల వంచుకుని లావుపాటి అక్షరాలు గీయడం మొదలుపెట్టాడు.

మూడేళ్ళు గడిచాయి. ఒక మధ్యాహ్నం బేగం బజార్‌లో మూటలు మోసే దుర్గయ్య, తువ్వాలలో చుట్టిన క్యాసెట్‌తో మెట్లెక్కి వచ్చాడు.

“మా జమున లగ్గం క్యాసెట్ సార్. మీరే జేసిన్రు. ఈ క్యాసెట్ల నా పెండ్లాం కొండమ్మ ఉన్నది. పోయినేడు దవాఖానల పాణమిడిసింది. ఆమె ఫోటో తీసియ్యాలె.”

“ఇంట్ల వేరే ఫోటో లేదా అన్నా?” అని ఆనంద్ పాల్ అడిగాడు.

“లేదు సార్. ఫోటో దిగితే ఆయుష్షు తక్కువైతదని ఆమె నమ్మకం. కెమెరా గనవడితే ఉరుకుడే. గిండ్ల ఒక్క తాన దొరికింది. ఆడనే మీ అక్షరాలున్నయి.”

క్యాసెట్ పెట్టి చూశారు. నాంపల్లి బస్తీలో షామియానా. వెనక వంట హండీ దగ్గర, చేతిలో గరిటెతో ఒక ఆడమనిషి. ఆమె ముఖం మీద సరిగ్గా ఆ మెరుపు అక్షరాలే, ‘దుర్గయ్య’ అని వణుకుతున్నాయి.

ఆనంద్ పాల్ టేపు ఆపేశాడు. ముఖ్యమైనవాళ్ళు లేని చోటే పేర్లు వేయాలన్నది ఆ పనిలో మొదటి పాఠం. నలిగిన చీర, చేతిలో గరిటె చూసి, ఇక్కడెవరూ లేరనుకుని వేసేశాడు. పెళ్ళికూతురి తల్లి మొహాన్నే మొగుడి పేరుతో కప్పేశాడు.

“అన్నా, తప్పు నాదే. వంటామె అనుకున్న.”

“అందరు గట్లనే అనుకున్నరు సార్. బిడ్డ లగ్గంల గూడ గరిటె ఇడువలే.” దుర్గయ్య గొంతులో కోపం లేదు. “నా ఫికరు వేరే. ఆమె మొఖం మరుస్తున్న సార్. కండ్లు మూస్తే చీర గనవడ్తది, గాజులు గనవడ్తయి, మొఖం వస్తలేదు. ఐతారం సంవత్సరీకం. బిడ్డొస్తది. గోడకు ఏం బెట్టాలె?”

భావనారాయణ గారు పెదవి విరిచారు. కెమెరాతో తీసిన అసలు క్యాసెట్ ఎప్పుడో పోయింది. మిక్సింగ్ కాగానే దాని మీద ఇంకో పెళ్ళి తీయడం అక్కడి అలవాటు. “అక్షరాల కింద ఉన్నదాన్ని ఏ దేవుడు తీస్తాడయ్యా?” అన్నారు.

ఆనంద్ పాల్ దిగ్గున లేచాడు. “సార్, జర ఆగుండ్రి. ఆ అక్షరాలు బేసి గీతలల్లనే ఉన్నయి. సరి గీతలను నేను ముట్టనే లేదు!”

కానీ దుర్గయ్య ఏడాదిగా ఎరిగినవాళ్ళ ఇంట్లో రోజూ అక్కడే క్యాసెట్ ఆపి ఆపి చూశాడు. టేపు సరిగ్గా ఆ చోటే అరిగిపోయింది. తిప్పినకొద్దీ ఇంకా అరుగుతుంది. క్యాసెట్‌లోని బొమ్మను కంప్యూటర్‌లోకి లాగే పెట్టె ఒకటుంది. టేపు తిరుగుతుండగా సరిగ్గా ఆ క్షణానే దాని మీట నొక్కాలి. మొదటిసారి చేయి జారింది. రెండోసారి కళ్ళ మీదుగా తెల్లటి చార పడింది. మూడోసారి అది ఇంకా లావైంది. “యేసయ్యా, నా తప్పుకు ఆమెను శిక్షించకు,” అని పైకే అనేసి ఆనంద్ పాల్ నాలుగోసారి నొక్కాడు. చార కిందికి జరిగింది. బొమ్మ చిక్కింది.

బేసి గీతలన్నీ తుడిచేశాడు. వాటితో పాటే అక్షరాలూ పోయాయి. గీతకీ గీతకీ మధ్య నల్లటి సందులు, వెదురు తడిక వెనక ఎవరో నిలబడ్డట్టు. అప్పుడు ఒక్కో సరి గీతనూ దాని కింది సందులోకి దించుతూ పోయాడు. నుదురొచ్చింది. కళ్ళొచ్చాయి. బుగ్గల అంచులు కాస్త మెట్లు మెట్లుగా ఉన్నాయి గానీ, ముఖం ముఖమే. పళ్ళన్నీ కనపడేలా నవ్వుతోంది, గరిటె పైకెత్తి.

భావనారాయణ గారు వెళ్ళి లైట్లార్పి, టీవీ తెరను ఫోటో తీయడానికి కెమెరా స్టాండు తెచ్చి నిలబెట్టారు. “ఆ రోజు నిన్ను తిట్టాను గానీ పాల్, అప్పటికే లావుపాటి అక్షరాలు వేసి ఉంటే…” అని ఆగిపోయారు.

దుర్గయ్య తెరకు దగ్గరగా వచ్చి కూర్చున్నాడు.

“ఎవరిని జూసి నవ్వుతుందన్నా?” అని ఆనంద్ పాల్ మెల్లగా అడిగాడు.

“నన్నే సార్. లైటు పట్టేటోడు బువ్వకు వోతే, కెమెరా పక్కన లైటు వట్టుకున్నోన్ని నేనే. ‘ఒక్కపారి ఇటు జూడవే’ అన్న. ‘గరిటెతోని కొడ్త’ అన్నది,” అని నవ్వబోయి, క్యాసెట్ చుట్టి తెచ్చిన తువ్వాలనే ముఖానికి అడ్డం పెట్టుకుని, సందంతా వినపడేలా ఏడ్చాడు.