రేకు గాదె మీది సొట్టలు

అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రపు పడమటి కొసన, మొక్కజొన్న చేల మధ్య ఎమిల్ వోట్రుబా రైతులకు వడగళ్ల బీమా అమ్ముకుంటూ బతికాడు. బేస్‌బాల్ అంటే ప్రాణం. నలభై దాటాక ఆటగాళ్ల తరఫున క్లబ్బులతో మాట్లాడే ఏజెంటు పని కూడా మొదలుపెట్టాడు. అతనికి దొరికిన ఆటగాడు ఒక్కడే, పక్క పొలంవాళ్ల కొడుకు కర్టిస్ లిండావర్. వాడు ఎడమచేత్తో విసిరిన బంతి బ్యాటు దగ్గరికొచ్చేసరికి కిందికి జారిపోయేది.

హైస్కూలు ముగిసిన జూన్‌లో, ఏటా జరిగే డ్రాఫ్టులో ఒక పెద్ద క్లబ్బు కర్టిస్‌ను ఎంచుకుంది. క్లబ్బుతో సంతకం చెయ్యొచ్చు, లేదా స్కాలర్‌షిప్ ఇస్తామన్న యూనివర్సిటీకి వెళ్లొచ్చు. అయితే యూనివర్సిటీ తరఫున ఆడాలంటే ఒక నియమం ఉంది. ఏజెంటు ఇంట్లోవాళ్లకు సలహా చెప్పొచ్చు గాని, ఆటగాడి తరఫున క్లబ్బుతో బేరమాడకూడదు. ఈ సంగతి ఎమిలే వాళ్లకు మూడుసార్లు చెప్పాడు.

క్లబ్బు మనిషి వచ్చిన మధ్యాహ్నం ఎమిల్ లిండావర్ల వరండాలోనే ఉండిపోవలసింది. కర్టిస్ తల్లి వెర్నా కాఫీకి లోపలికి పిలిచింది. క్లబ్బు మనిషి షరతులు చదివి వినిపించాడు. తండ్రి బల్ల వంక చూస్తూ కూర్చున్నాడు. వెర్నా ఎమిల్ వంక చూసింది.

"దీనికైతే కుర్రాడు రాడండీ, పైవాళ్లని మళ్లీ అడిగి రండి," అనేశాడు ఎమిల్.

ఆ మనిషి చిన్నగా నవ్వి కాగితాలు సర్దుకున్నాడు. మళ్లీ రాలేదు.

కర్టిస్ యూనివర్సిటీలో చేరాడు. ఫిబ్రవరిలో, మొదటి ఆటకు వారం ముందు, ఆ మాట ఎలాగో అక్కడికి చేరింది. విచారణకు రమ్మన్నారు. ఎమిల్ ఫోన్ చేసి, తాను వరండా దాటి లోపలికి రాలేదని చెప్పమన్నాడు.

"మీరు అమ్మ పక్కనే కూర్చున్నారు కదా ఎమిల్ గారూ," అన్నాడు కర్టిస్. "లేరని ఎలా చెప్పను?"

ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆటకు అనర్హుడన్నారు. యూనివర్సిటీలో నాలుగేళ్ల చదువుకు చేరినందుకు, నియమం ప్రకారం ఇరవై ఒకటి నిండేదాకా డ్రాఫ్టుకూ పనికిరాడు. చదువు మాని ఇంటికొచ్చేసి, సాయంత్రాలు పెరట్లోని రేకు గాదెకేసి బంతి విసురుతుండేవాడు. ఆ చప్పుడు చేలమీదుగా ఎమిల్ ఇంటిదాకా వచ్చేది. ఇరవై ఒకటి నిండాక వచ్చిన డ్రాఫ్టులో వాణ్ణి ఎవరూ ఎంచుకోలేదు. ఆకు రాలే రోజుల్లో పక్క రాష్ట్రమైన వ్యోమింగ్ వెళ్లి చమురు బావుల దగ్గర పనికి కుదిరాడు.

చప్పుడు మాత్రం ఆగలేదు. భోజనం మధ్యలో ఎమిల్ చెంచా కింద పెట్టి వినేవాడు. గాలికి రేకు కొట్టుకుంటోంది, తినమనేది భార్య లొరేన్. బయటికెళ్లి నిలబడితే ఆకైనా కదిలేది కాదు. అయినా వినబడేది. ఏజెంటు పని మానేశాడు. స్కూలు మైదానం పక్కనుంచి వెళ్లాల్సి వస్తే చుట్టుదారి పట్టేవాడు.

తొమ్మిదేళ్లు అలాగే గడిచాయి. ఒక ఆదివారం చర్చి నుంచి తిరిగొస్తూ, తనకే తెలియకుండా లిండావర్ల పెరట్లోకి నడిచాడు. గాదె మీద ఛాతీ ఎత్తున, ఒక పళ్లెమంత మేర, లెక్కలేనన్ని సొట్టలు. వాటిని వేళ్లతో తడుముతుంటే వెర్నా వచ్చి పక్కన నిలబడింది.

"నాకింకా వినబడుతోంది వెర్నా," అన్నాడు.

"మీకూనా?" అంది. తనూ ఒక సొట్ట మీద చెయ్యి వేసింది. "ఆ రోజు లోపలికి పిలిచింది నేను. మీ వంక చూసిందీ నేనే. ఈ మాట మా ఆయనతో కూడా అనలేదు."

లోపలికి తీసుకెళ్లి, కొడుక్కి ఫోన్ కలిపి అతని చేతికిచ్చింది. అక్కడ వానలు పడ్డాయా అని అడిగాడు కర్టిస్. పడ్డాయన్నాడు ఎమిల్. తర్వాత, తప్పంతా తనదేననీ, పైగా అబద్ధం కూడా చెప్పమన్నాననీ ఒక్క గుక్కలో అనేశాడు.



"ఆ అబద్ధం చెప్పుంటే ఆడేవాణ్ణేమో," అన్నాడు కర్టిస్. "రోజూ అదే అనుకుంటాను ఎమిల్ గారూ. అమ్మకివ్వండి."

ఎమిల్ ఇచ్చాడు. వెర్నా ఫోన్ అందుకుని గోడవైపు తిరిగింది.