క్యాలెండరులో పదకొండు గీతలు

సకల జనుల సమ్మె రోజులు. నా కూతురు పొద్దున్నే ఆఫీసువాళ్ల దీక్షా శిబిరానికి వెళ్లేది. దిల్‌సుఖ్‌నగర్ ఇంట్లో ఆమె బిడ్డ నా దగ్గర ఉండేది. ఒక మంగళవారం పిల్ల దవడ కింద గడ్డ చూశాను. పిల్ల వయసు అప్పటికి ఆరేళ్ల రెండు నెలలు. గవదబిళ్లలనుకుని పసుపు, సున్నం కలిపి పట్టు వేసి, క్యాలెండరులో గీత పెట్టాను. రోజుకో పట్టు, రోజుకో గీత.

ఎనిమిదో గీతకు గడ్డ నిమ్మకాయంతైంది.

"దవాఖానకు పోదామా అమ్మా?" అంది కూతురు.

"బస్సుల్లేవు, ఆటోలోళ్లు ఒస్తలేరు. తగ్గుతది తియ్."

నేను ఏ ఆటోనూ అడగలేదు. మర్నాడు పిల్లను పక్కింట్లో వదిలి, ఎల్బీనగర్ రోడ్డు మీద సమ్మెవాళ్ల వంటావార్పుకు ఆటోలోనే వెళ్లాను. కూతురికి చెప్పలేదు.

పదకొండో రోజు పిల్ల మింగలేక ఏడ్చింది. అప్పుడు తీసుకెళ్లాం. పరీక్షలయ్యాక లింఫోమా అన్నారు. డాక్టరమ్మది కోస్తా.

"గడ్డ కణాల్లో ఒక వైరస్ కూడా కనిపించిందండీ. ఉమ్మి ద్వారా వచ్చేది."

నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను. "పసిపిల్లప్పుడు బువ్వ నమిలి పెట్టిన మేడం. నా నోట్లకెంచే ఒచ్చిందా?"

"అది దాదాపు అందరిలోనూ ఉంటుందమ్మా. అదొక్కటే ఈ జబ్బు తేలేదు. కొన్ని కణాలను గబగబా పెరిగేలా చేస్తుంది. ఆ తొందరలో ఎక్కడో జన్యువులు తెగి, ఒకదాని ముక్క ఇంకోదానికి అతుక్కుంటుంది. ఇక ఆ కణానికి ఆగడం తెలీదు."

మాది పోచంపల్లి మగ్గం ఇల్లు. "తెగిన పోగులను తారుమారుగ అతికినట్టా? చీర అయిపోయేదాంక డిజైన్ తప్పే."

"అంతేనండీ. మీ ఉమ్మిది తప్పు కాదు. కానీ ఇది రోజుల్లో పెరిగే గడ్డ. మొదట ఎప్పుడు చూశారు?"

నేను నోరు తెరిచేలోగా కూతురు అందుకుంది. "బస్సుల్లేవు, ఆటోల్లేవు మేడం. ఎట్ల తేవాలె?"

"మీ సమ్మె పిల్లలకైనా సెలవిస్తే బాగుండేది" అంది డాక్టరమ్మ. కూతురి మొహం ఎర్రబడింది. తేదీలన్నీ నోటికొచ్చిన నేను తల వంచుకుని కూర్చున్నాను.

నెలల తరబడి మందులు ఎక్కించారు. పిల్ల దక్కింది. జుట్టు ఊడినప్పుడు, నోరు పుండై నీళ్లు కూడా మింగలేనప్పుడు, ముందే తెచ్చి ఉంటే ఇందులో ఎంత తప్పేదో అని లెక్క వేసేదాన్ని. ఆ లెక్క ఇప్పటికీ తేలలేదు.

ఇంట్లో ఇప్పటికీ సమ్మె వల్లే ఆలస్యమైందంటారు. నేను కాదనను. ఆ నెల కాగితం చింపి బీరువాలో దాచుకున్నాను. తొమ్మిదో గీత పక్కన, ఎక్కడికెళ్లినా రాసిపెట్టుకునే అలవాటు కొద్దీ, నా చేత్తోనే రాసి ఉంది: ఎల్బీనగర్, ఆటో.